పౌరశాస్త్ర పాఠరచనలో ఉపాధ్యాయుని పాలు – కృష్ణా డెల్టా నుండి కొన్ని సాక్ష్యములు

బడిలో బోధింపబడు శాస్త్రములలో పౌరశాస్త్రము స్థితి విలక్షణమైనది. గణితోపాధ్యాయుడు చెప్పిన సూత్రమును బడిగోడకు వెలుపల ఎవ్వరును కాదనరు. భూగోళపాఠమున చెప్పిన యేరు వెలుపలను ఆ దారినే ప్రవహించుచుండును. పౌరశాస్త్రోపాధ్యాయునకు ఆ నిశ్చింత లేదు. గ్రామసభ ఏటికిన్ని పర్యాయములు కూడవలెనని అతడు నల్లబల్లపై వ్రాయుచుండగనే, తమ యూర ఆ సభ కూడిన జాడయే లేదని వెనుకబల్లపైనున్న బాలుడు తలపోయుచుండవచ్చును. పాఠమునకును ఊరికిని నడుమనున్న ఈ యెడము పుస్తకమునకు కనబడదు. పుస్తకమును చేతబట్టి ఆ తరగతి ఎదుట నిలుచున్నవానికి కనబడును. అట్టివానికి ఆ పుస్తకమును కూర్చుటలో పాలు లభించినదా, లభించిన యెడల అది యెట్టిది, లభింపనప్పుడు అతడేమి చేసెను అను ప్రశ్నలను విజయవాడను, కృష్ణా డెల్టాను ఆధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. 'పౌర' శబ్దము పురము నుండి పుట్టినది. కావ్యభాషలో 'పౌరజానపదులు' అని జంటగా వాడుట కలదు. పురమున వసించువారు పౌరులు, పల్లెపట్టున వసించువారు జానపదులు. ఆంగ్లమున ఈ శాస్త్రమునకు గల పేరు లాటిను భాషలోని పౌరవాచక శబ్దము నుండి వచ్చినది గావున మనవారు దానికి పౌరశాస్త్రము, పౌరనీతి, పౌరధర్మములు అని పేర్లు పెట్టిరి. అర్థవ్యాప్తిచేత పౌరుడనగా నేడు దేశమున హక్కుగల ప్రతి మనుష్యుడును అగుచున్నాడు. దానికి మాకాక్షేపణ లేదు. అయినను దివిసీమలోను, కైకలూరు పట్టునను బడికి వచ్చు పిల్లలలో అధికులు జానపదులే. వారికి బోధించు శాస్త్రము పేరునందే పల్లె లేకపోవుటను కేవలము శబ్దవైచిత్రి యని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. ఆ శాస్త్రమునకు చెప్పు ఉదాహరణములు చిరకాలము పట్టణము నుండియో, ఢిల్లీ నుండియో వచ్చుచుండుటకును దీనికిని ఏదో చుట్టరిక మున్నట్లు తోచును.

ఈ చరిత్రను 1907తో ఆరంభించుట యుక్తము. ఆ సంవత్సరము ఏప్రిలు మాసమున బిపినచంద్రపాల్ ఆంధ్రదేశమున పర్యటించి రాజమహేంద్రవరము, విజయవాడ, మచిలీపట్టణము మొదలగు చోట్ల ఉపన్యసించెను. రాజమహేంద్రవరపు ప్రభుత్వ శిక్షణ కళాశాలలో ఉపాధ్యాయవృత్తికి శిక్షణ పొందుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వందేమాతరోద్యమమున పాల్గొన్నందులకు ఆ కళాశాల నుండి వెడలగొట్టబడెను. ఉపాధ్యాయుడు కానున్నవాడు కాకుండ పోయెను. ఆ యేడే విజ్ఞానచంద్రికా మండలి తన తొలి ప్రచురణగా వెలువరించిన గ్రంథము ఆయన రచించిన అబ్రహాము లింకను చరిత్రము. ఆ మండలిని 1906లో హైదరాబాదున నెలకొల్పినవారిలో ప్రముఖుడగు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించినవాడు. బానిసత్వమును తొలగించుటకు పాటుపడిన అమెరికా అధ్యక్షుని జీవితమును తెలుగువారికి చెప్పుట చరిత్రరచన యనిపించుకొనును గాని, ప్రజాప్రభుత్వ మననేమో, ఒక మనుష్యుడు వేరొకనికి సొత్తగుట యననేమో తెలుగున తెలియజెప్పిన పాఠ్యగ్రంథముగా దానిని చదువుట మాకు సమంజసముగా తోచును. అప్పటి సర్కారు పాఠ్యప్రణాళికలో అట్టి పాఠమునకు చోటుండుట ఊహకందని సంగతి. 1908లో హరిసర్వోత్తమరావు విజయవాడ నుండి 'స్వరాజ్య' పత్రికను నడపి, అందలి యొక వ్యాసము కారణముగా కారాగారవాస మనుభవించెను. తదనంతరము గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును ఆయన జీవితమును ధారపోసినది సుప్రసిద్ధము. విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనము ఆయన పేరుననే వెలసినది. తరగతిగది దక్కని యుపాధ్యాయుడు ముందు గ్రంథమును, పిదప పత్రికను, ఆ పిదప రాత్రిబడిని తరగతిగా జేసికొనుట ఈ జీవితమున కనబడు క్రమము.

మచిలీపట్టణమున 1910లో ఆరంభమైన ఆంధ్ర జాతీయ కళాశాలది వేరొక మార్గము. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య అను మువ్వురి పూనికతో వెలసిన ఆ సంస్థ సామాన్యవిద్యతోపాటు చేతిపనులను కూడ నేర్పుటకు, మాతృభాషలో బోధించుటకు సంకల్పించినది. సర్కారు ఆమోదించిన పుస్తకమునకు లోబడనిచోట పాఠమును ఉపాధ్యాయుడే కూర్చుకొనవలసివచ్చును. ఇది స్వాతంత్ర్యమును, భారమును కూడ. విశ్వనాథ సత్యనారాయణ, అడివి బాపిరాజు వంటివారు తరువాతి కాలమున అచ్చట పనిచేసిరి. సాహిత్యచరిత్రకారులు ఈ కళాశాలను అట్టివారి పేర్లతోనే తలచుకొందురు. మాకు ఇచ్చట కావలసినవాడు వేరొకడు.

ఆ కళాశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసినవారిలో పింగళి వెంకయ్య యొకడు. కృష్ణాజిల్లా భట్లపెనుమఱ్ఱున జన్మించిన వెంకయ్య 'భారతదేశమున కొక జాతీయ పతాకము' అను అర్థమిచ్చు పేరుతో ఆంగ్లమున నొక చిన్నపుస్తకమును 1916లో ప్రకటించెను. అందు 30 పతాకముల నమూనాలు గలవు. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో విజయవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు ఆయన ఎరుపు, ఆకుపచ్చ రంగులు గల పతాకమును గాంధీజీకి చూపుటయు, గాంధీజీ సూచనపై తెల్లపట్టి చేరుటయు, నడుమ రాట్నపు గుర్తు నిలుచుటయు అందరెరిగిన కథ. అది పెక్కు మార్పులు పొంది అశోకచక్రముతో 1947 జూలై 22న రాజ్యాంగసభచే ఆమోదింపబడినది.

ఈ కథను పిల్లలకు చెప్పునప్పుడు సామాన్యముగా 1921 నాటి యొక్క పతాకమును గూర్చియే చెప్పుదురు. 1916 నాటి 30 నమూనాలు మరుగున పడుచున్నవి. మా దృష్టిలో పాఠము ఆ ముప్పదింటిలోనే యున్నది. ఒక్క పతాకమును చూపి 'ఇది మనది, దీనికి వందనము చేయుము' అనుట ప్రకటన. ముప్పదింటిని ముందుంచి ఏ రంగు ఎవరిని సూచించుచున్నది, ఏ గుర్తు ఎవరిని విడచిపెట్టుచున్నది, ఒక దేశమున కంతటికి ఒకే గుర్తు ఎట్లు కుదురును అని యోచింపజేయుట బోధన. వెంకయ్య దానిని తరగతిలో నట్లు వాడెనని మేము చెప్పబోము. అయినను ఆ పుస్తకపు కూర్పులో ఒక బోధకుని చేయి స్పష్టముగా కనబడుచున్నది. రాజకీయనాయకుడైనచో ఒక నమూనాతో సరిపెట్టుకొనియుండును.

గ్రంథాలయోద్యమమును గూర్చి సమగ్రముగ వ్రాసినవారు గలరు గనుక మేము కొలదిగానే ప్రస్తావింతుము. 1914 ఏప్రిలు 10న విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన జరిగిన మహాసభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణము. 1930 దశకమున పాతూరి నాగభూషణము పూనికతో డెల్టా కాలువలపై పడవ గ్రంథాలయము నడచినది. ఓటు హక్కు బహుకొద్దిమందికే యున్న కాలమున పత్రికను బిగ్గరగా చదివి వినిపించు పఠనమందిరమే పల్లెవాసికి పౌరశాస్త్రపు తరగతి. ఆచార్య ఎన్.జి. రంగా నిడుబ్రోలున నడపిన రైతు విద్యాలయమును కూడ ఈ కోవలోనే చేర్పవచ్చును. అర్థశాస్త్రాధ్యాపకుడు కళాశాలను వదలి రైతులకు శిస్తును, అప్పును, చట్టమును బోధించుటకు పూనుకొనిన ఘట్టమది.

ఇంతవరకు చెప్పినదంతయు సర్కారు బడికి వెలుపలి కథ. బడిలోపల నేమి జరిగినది?

మదరాసు రాజధానిలో 1920లో స్థానిక సంస్థల చట్టములును, ప్రాథమిక విద్యాచట్టమును వెలువడినవి. పాఠశాలలు అనేకము జిల్లాబోర్డుల క్రిందను, తాలూకాబోర్డుల క్రిందను, పురపాలక సంఘముల క్రిందను నడచినవి. ఈ యేర్పాటులోని చిత్రమును గమనింపుడు. జిల్లాబోర్డు ఎట్లు ఏర్పడును, దాని విధులేవి, అధ్యక్షుని అధికారము లెంతవరకు అను పాఠమును బోధించువాడు ఆ బోర్డుచే నియమింపబడి, ఆ బోర్డుచే బదిలీ చేయబడి, ఆ బోర్డు వలన జీతము పుచ్చుకొనువాడు. బోర్డు ఎన్నికలలో పక్షము లేర్పడిన యూళ్లలో ఉపాధ్యాయుని బదిలీకి ఎన్నికల ఫలితమే కారణమగుటను పెద్దలు కథలుగా చెప్పుదురు. అట్టివాడు పుస్తకమున నున్న వాక్యమును దాటి ఒక ఉదాహరణము చెప్పునా? పుస్తకము నిర్జీవముగ నుండుట అతనికి రక్షయే యైనది. పౌరశాస్త్ర పాఠములు పొడిపొడిగా, పట్టికలు పట్టికలుగా నుండుటకు రచయితల అసమర్థత నొక్కదానినే కారణముగా చెప్పువారు ఈ సంగతిని పట్టించుకొనరు.

స్వాతంత్ర్యానంతరము ఈ ముడి విడిపోయినదా యనిన, వేరొక రూపమున మఱింత బిగిసినది. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో ఇచ్చిన సూచనల ననుసరించి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్యము 1959 అక్టోబరులో షాద్‌నగరున నెహ్రూచే ప్రారంభింపబడినది. ఆ యేటి చట్టముచే ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకును, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకును చెందినవి. 1980 దశకపు ఉత్తరార్ధమున సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చినవి. బడిపేరు మారినది, ఉపాధ్యాయుని స్థితి మారలేదు. మాధ్యమిక విద్యను గూర్చి 1952–53లో పనిచేసిన ముదలియారు సంఘము చరిత్ర, భూగోళము, పౌరశాస్త్రములను సాంఘికశాస్త్రముగా సమన్వయింపుమని చెప్పినది. పేరు మారినను, ఒక పుస్తకమునందు మూడు భాగములను కుట్టి యిచ్చుటయే సమన్వయముగా చెలామణి యైనది. 1967లో హైదరాబాదున రాష్ట్ర విద్యాపరిశోధన శిక్షణ సంస్థ ఏర్పడిన పిదప పాఠ్యరచనకు ఒక స్థానము కుదిరినది. విజయవాడ పుస్తకాల బజారుకు మాత్రము ఇంకొక పని దొరికినది. ప్రభుత్వము పుస్తకమును అచ్చువేయును. బజారు దానికి ప్రశ్నోత్తరమాలికను అచ్చువేయును. గ్రామ పంచాయతీ యొక్క అయిదు విధులు, శాసనసభ్యునికి కావలసిన నాలుగు అర్హతలు, ప్రాథమిక హక్కులు ఆరు. పుస్తకమున కొంత జీవమున్నను ఈ రెండవ అచ్చులో అది ఎండిపోవును. వ్రాసినవారిలో అనుభవజ్ఞులైన ఉపాధ్యాయు లుండిరి గదా యని యెవరైన అనవచ్చును. ఉండిరి. ఉపాధ్యాయుడు వ్రాసినంత మాత్రమున పాఠము బాగుపడునని మేము నమ్మము. పరీక్షకు వ్రాసిన ఉపాధ్యాయుడు వేరు, తరగతికి వ్రాసిన ఉపాధ్యాయుడు వేరు.

ఇచ్చట మా చిన్ననాటి సంగతి యొకటి చెప్పుటకు పాఠకులు మన్నింతురుగాక. మేము 1990 దశకమున డెల్టాలోని ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో చదివినవారము. మాకు సాంఘికశాస్త్రము చెప్పిన మాస్టారు ఒకనాడు పంచాయతీ విధులను వల్లె వేయించుట నడుమ నాపి, నల్లబల్లపై మా యూరి కాలువను గీసిరి. పెద్దకాలువ, తూము, పిల్లకాలువ, బోదెలు, మురుగుకాలువ. 'తూము దగ్గర చేనికి నీరు ముందు, చివర చేనికి తరువాత. ఆ తరువాత అనునది ఒక్కొక్క యేడు ఎన్నడును రాదు. ఏమి చేయవలెను?' అని అడిగిరి. మరునాడు చేతివ్రాతతో సైక్లోస్టైలు తీసిన యొక కాగితమును పంచిరి. అందు మూడే ప్రశ్నలు: వంతు ఎవరు నిర్ణయింతురు? వంతు తప్పినవానిని ఎవరు అడుగుదురు? అడిగినవాని మాట ఎందుకు వినవలెను? ఇంటికి పోయి పెద్దలను విచారించి రమ్మనిరి. మా బల్లపైని బాలుడొకడు మరునాడు వ్రాసికొని వచ్చిన సమాధానము తరగతి నంతటిని నవ్వించినది: 'లస్కరుకు తెలియును.' మాస్టారు నవ్వలేదు. 'బాగుగా వ్రాసితివి, లస్కరును ఎవరు నియమించిరో రేపు కనుగొని రమ్ము' అనిరి. 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతుల పరము చేయు చట్టము వచ్చి, నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిగినప్పుడు మాకు ఆ కాగితము జ్ఞప్తికి వచ్చినది. అప్పటికి మాస్టారు బదిలీయై పోయిరి. కాగితము మా వద్దను లేదు.

ఇట్టి పనిని వ్యక్తి యొక్క ఉత్సాహమునకు విడువక, ఒక పద్ధతిగా జేయవచ్చునని చూపిన ప్రయత్నములు రెండింటిని ప్రస్తావింపవలెను. మొదటిది మన రాష్ట్రముననే, బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో 1980 దశకమున ప్రారంభమై 1996 వరకు నడచిన ప్రాథమిక విద్యాపథకము. పొరుగు పాఠశాలల ఉపాధ్యాయులు తమ తమ కేంద్రములలో కలిసికొని, కృత్యములను తయారుచేసికొని చర్చించుట అందలి ముఖ్యాంశము. అది చిన్నతరగతులకు పరిమితము. పౌరశాస్త్రమునకు దానివలన ప్రత్యక్షముగ కలిగినది స్వల్పము. అయినను ఉపాధ్యాయులు తమ చేతితో జేసిన సామగ్రి గోడపై వ్రేలాడుటను డెల్టా బడులు అప్పుడు చూచినవి. రెండవది మధ్యప్రదేశ్‌లో 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ చేసిన పని. ఆ సంస్థ 1986 నుండి హోశంగాబాదు ప్రాంతమున తొమ్మిది ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలలో సాంఘికశాస్త్రమునకు కొత్త పుస్తకములను ప్రయోగించినది. పాఠము ముసాయిదాగా తరగతికి వచ్చును. ఉపాధ్యాయుడు బోధించి, పిల్లలు తడబడిన చోట్లను గుర్తించి తెలుపును. పాఠము తిరుగ వ్రాయబడును. 2002లో ఆ ప్రయోగము ప్రభుత్వ నిర్ణయముచే నిలిచిపోయినను, దాని పద్ధతి 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమున ప్రతిధ్వనించినది. ఆ పిదప కేంద్రసంస్థ పుస్తకములలో ఆరు నుండి ఎనిమిది తరగతులకు పౌరశాస్త్రమను పేరే తొలగి 'సామాజిక రాజకీయ జీవనము' అను పేరు వచ్చినది.

ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర పాఠ్యప్రణాళికా చట్రము ననుసరించి 2012 నుండి 2014 వరకు కొత్త సాంఘికశాస్త్ర పుస్తకములు వెలువడినవి. వాని రచనలో జిల్లా పరిషత్తు పాఠశాలల ఉపాధ్యాయులు పాల్గొనిరి. విశ్వవిద్యాలయ ఆచార్యులు, ఏకలవ్యకు చెందినవారు సహకరించిరి. ఉపాధ్యాయుల పేర్లు రచయితలుగా పుస్తకపు తొలిపుటలలో అచ్చుపడుట చిన్నవిషయము గాదు. వారి పిల్లలే ఆ పుస్తకమును చదివిరి.

2012 నాటి ఆరవ తరగతి పుస్తకమున మా కథకు నేరుగా సంబంధించిన పాఠమొకటి యున్నది. దాని పేరు 'పెనమకూరు – కృష్ణా డెల్టాలోని ఒక గ్రామము'. పెనమకూరు తోట్లవల్లూరు మండలములోనిది. పీఠభూమికి డోకూరు, కొండప్రాంతమునకు పెనుగోలు, డెల్టాకు పెనమకూరు అని మూడు నిజమైన యూళ్లను తీసికొని పాఠములు కూర్చిరి. కల్పితమైన 'రామాపురము'తో పని జరుపుకొను అలవాటు మనకు ఎంతకాలముగా నున్నదో తలచుకొనిన, అసలుపేరుతో ఒక యూరిని పుస్తకమున నిలుపుటలోని సాహసము తెలియును. కల్పితగ్రామమున ఏ తగవును లేకుండ వ్రాయవచ్చును. ఎవ్వరును వచ్చి అడుగరు. పెనమకూరును గూర్చి తప్పు వ్రాసినచో పెనమకూరు బడిలోని పిల్లవాడే దిద్దును.

ఆ పాఠము భూగోళమను పేరున వచ్చినది. నేల, కాలువ, వరద, పంటలు అందు గలవు. వానితోపాటు సొంతభూమి గల రైతు, కౌలురైతు, కూలి కూడ గలరు. మేము దానిని పౌరశాస్త్ర పాఠముగానే చదువుచున్నాము. డెల్టాలో కౌలు అధికము. అందు పెద్దపాలు నోటిమాటపై నడచునది. కాగితము లేని కౌలుదారునకు బ్యాంకు అప్పు లేదు, పంట పోయినప్పుడు పరిహారము దక్కుట కష్టము. ఈ లోపమును సవరించుటకు 2011లో అధీకృత సాగుదారుల చట్టమును, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును వచ్చినవి. ఇప్పుడు తరగతిని ఊహింపుడు. భూస్వామి కుమారుడును, ఆ భూమినే కౌలుకు చేయువాని కుమార్తెయు, ఆ చేలో నాట్లు వేయు తల్లి యొక్క బిడ్డయు ఒకే గదిలో కూర్చుండి 'కౌలు ఎంత?' అను ప్రశ్నకు సమాధానము వ్రాయుచున్నారు. ముగ్గురి సమాధానములును నిజములే. ముగ్గురివియు ఒకటి గావు. ఈ ఘడియను నడపుట పుస్తకమునకు శక్యము గాదు. హైదరాబాదులోని నిపుణునకు దీనిని ముందుగా ఊహించుట కూడ సులభము గాదు. ఎవరిని ముందు పలికింపవలెనో, ఎవరి కాగితమును బిగ్గరగా చదువరాదో, ఏ ప్రశ్నను ఇంటికి పంపిన ఏ బిడ్డ దెబ్బతినునో ఎరిగినవాడు ఆ బడి ఉపాధ్యాయుడే. పాఠరచనలో అతనికి చోటుండవలెననుటకు మేము చూపగల ముఖ్యకారణ మిదియే. వృత్తిగౌరవము, వికేంద్రీకరణము మొదలగు మాటలు దీనికి తరువాతివి.

ఇంతకన్న కఠినమైన స్థలము కూడ డెల్టాలో గలదు. 1991 ఆగస్టు 6న గుంటూరుజిల్లా చుండూరున ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. ప్రత్యేక న్యాయస్థానము ఆ యూరనే కూర్చుండి విచారణ జరిపినది. 2007లో అది పలువురికి శిక్ష విధింపగా, 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. న్యాయస్థానము, సాక్ష్యము, అప్పీలు, రాజ్యాంగపు 17వ అధికరణము – పౌరశాస్త్ర పుస్తకమున వేర్వేరు పుటలలో నున్నవన్నియు ఆ యొక్క యూర కలిసి నిలిచినవి. ఆ పరిసరముల బడులలో అస్పృశ్యతానిషేధమును 'రాజ్యాంగము రద్దుచేసినది' అను భూతకాలపు వాక్యముతో ముగించు ఉపాధ్యాయుడును, ముగింపలేక మౌనము వహించు ఉపాధ్యాయుడును మనకు దొరకుదురు. వారిలో ఎవరిని తప్పుపట్టుటకును మేము సిద్ధముగా లేము. ఆ యూరనే కాపురముండి, రెండు పేటల పిల్లలకును చదువుచెప్పవలసినవాని కష్టము వ్యాసకర్తలకు లేదు. ఇచ్చటనే మా వాదమునకు ఎదురగు ప్రశ్న యొకటి లేచుచున్నది. ఉపాధ్యాయుడు ఊరిని ఎరిగినవాడే గాని, ఊరికి లోబడినవాడు కూడ. అతని కులము, అతని బంధువర్గము, అతని అద్దెయిల్లు ఊరిలో ఒకవైపుననే యుండును. పాఠమును అతనికే పూర్తిగా విడిచిపెట్టిన, చెప్పవలసిన మాటలు కొన్ని లోపలనే అణగిపోవును. 2012 నాటి పుస్తకములలో ఉపాధ్యాయునితో వెలుపలివాడు కూడ కూర్చుండుట ఈ దృష్ట్యా మేలైనదనియే మా అభిప్రాయము. ఉపాధ్యాయుడొంటిగా వ్రాయజాలని వాక్యమును పదిమంది పేర్లతో కలిసి వ్రాయవచ్చును. బోర్డు కాలపు ఉపాధ్యాయునకు లేనిది ఆ రక్షయే.

తెలుగు శాఖవారికి ఈ విషయమున పనియేమి యని శంకించువారుందురు. పాఠ్యసామగ్రి భాషతో జేసినది గదా. 'సార్వజనీన వయోజన ఓటుహక్కు' వంటి సమాసములు ఆంగ్లమూలమునకు నీడలై పుట్టినవి. వానిని తీసివేయుమని మేము అనము, అవి శాస్త్రమునకు కావలెను. కాని డెల్టాలో అధికారమును, హక్కును, పంపకమును చెప్పు దేశీయపదములు కొల్లలుగా నున్నవి: వంతు, ఆయకట్టు, తూము, లాకు, బోదె, కరకట్ట, లంక, కౌలు, శిస్తు. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తియైన నాటి నుండి, 1952లో దానికి గండిపడి 1957లో ప్రకాశం బ్యారేజి సిద్ధమగు వరకును, ఆ పిదపను, నీటి తగవులతోపాటే ఈ మాటలును పెరిగినవి. 'వంతు' అను రెండక్షరములలో సమానత్వము, క్రమము, అధికారము, తగవు అన్నియు నున్నవి. ఉపాధ్యాయుడు పాఠరచనకు వచ్చినప్పుడు తనవెంట తెచ్చునది ఈ పదసంపద. అతడు లేనప్పుడు 'నీటి వనరుల న్యాయబద్ధమైన పంపిణీ' యని వ్రాయబడును. పిల్లవాడు దానిని వల్లెవేసి, పొలమునకు పోయి వంతుకై పోట్లాడును, ఆ రెండును ఒకటేయని యెరుగడు.

ఇక నొక ఆచరణాంశము. పౌరశాస్త్ర పుస్తకమంత త్వరగా ముసలిదగు పుస్తకము లేదు. కరణము, మునసబు పదవులు 1984లో తొలగినవి. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయములు వచ్చినవి. 2020–21 నుండి ఆంధ్రప్రదేశ్ బడులకు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఆంగ్లము గల కొత్త పుస్తకములు వచ్చినవి. 2022 ఏప్రిలులో జిల్లాలు మారి, విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకును, మచిలీపట్టణము కృష్ణాజిల్లాకును కేంద్రములైనవి. ప్రతి మార్పునకును అచ్చుపుస్తకము కొన్నియేండ్లు వెనుకబడును. ఆ నడుమ పాఠమును దిద్దుకొనువాడు ఉపాధ్యాయుడే. పుస్తకపు అంచున పెన్సిలుతో వ్రాసికొనును, గోడపటమున జిల్లాగీతను సుద్దతో మార్చును, సచివాలయమునకు పోయి అచ్చటి పట్టికను నకలు వ్రాసికొని వచ్చి తరగతిలో చదువును. ప్రభుత్వము అడుగకయే జరుగుచున్న పాఠరచన యిది. దీనికి భద్రస్థానము లేదు. రాగిశాసనములను, తాళపత్రములను వెదకి భద్రపరచుట తెలుగు శాఖలకు అలవాటైన పని. ఉయ్యూరులోను, అవనిగడ్డలోను, తెనాలిలోను పదవీవిరమణ చేసిన సాంఘికశాస్త్రోపాధ్యాయుల యిండ్లలో అంచులపై వ్రాతలు గల పాతపుస్తకములును, సైక్లోస్టైలు కాగితములును ఇంకను కొన్ని మిగిలియుండును. పాత కాగితముల వ్యాపారి చేత బడకముందే వానిని చూచి రాదలచిన పరిశోధక విద్యార్థికి కావలసినది ఒక వేసవి, ఒక సైకిలు.